చచ్చినవాళ్ళ వాటా

నమోదు 4112. మొదటి షిఫ్టు.

ఫ్యాను నడుస్తోంది. రెండు గ్యాలరీలకూ గాలి సరిగానే వెళుతోంది. తేమ ఎక్కువ. నా ఒంటి మంట అంతకన్నా ఎక్కువ.

నమోదులో యంత్రం సంగతులు తప్ప ఇంకేమీ రాయకూడదని గాలి శాఖ నియమం. ఇరవై ఏళ్ళుగా ఈ ఫ్యాను గదిలో కూర్చుంటున్నాను, ఒక్కడూ ఈ నమోదు పుస్తకం చదివిన పాపాన పోలేదు. అందుకని ఇవాళ కడుపులో ఉన్నదంతా ఇక్కడే కక్కుతాను. నా పేరు జక్కుల సారక్క, ఈ బొగ్గు బాయిలో ఫ్యాను చూసుకునే మనిషిని. చదివేవాడికి కోపం వస్తే బాయిలోకి దిగి వచ్చి నాతో మాట్లాడమనండి.

పైనుంచి ఆదేశం వచ్చింది. మా ఫ్యాను యంత్రాన్ని నడిపే పాత లినక్స్ తీసేసి కొత్తది పెట్టాలట. పున్నమి లోపల పెట్టకపోతే కరెంటు లైను కత్తిరిస్తారట. అంతవరకు నాకేం పేచీ లేదు. ఇంతకుముందు రెండుసార్లు కొత్త లినక్స్ పెట్టింది నేనే. కానీ ఈసారి కింద ఇంకో ముక్క తగిలించారు. గైడెడ్ పద్ధతిలోనే ఇన్‌స్టాల్ చేయాలట, మాన్యువల్ పద్ధతిని మూసేశారట.

గైడెడ్ అంటే యంత్రమే మన చెయ్యి పట్టుకొని నడిపిస్తుంది. భాష అడిగితే భాష, ఊరు అడిగితే ఊరు చెప్పి, సరే సరే అని నొక్కుకుంటూ పోవడమే. డిస్కు దగ్గరికి వచ్చేసరికి, మొత్తం డిస్కు నేనే వాడుకుంటాను, అదే మంచిది అంటుంది. దానికీ సరే అన్నామా, ఉన్నదంతా తుడిచి తన ఇష్టం వచ్చినట్టు పరుచుకుంటుంది. మాన్యువల్‌లో ఆ చాకిరీ మనదే. ఈ వాటా ఇంత, ఆ వాటా అంత, దీన్ని ఫార్మాట్ చెయ్యి, దాని జోలికి పోకు అని ఒక్కొక్కటీ మనమే చెప్పాలి. ఒళ్ళు దగ్గర పెట్టుకొని చేయాల్సిన పని అది.

మా డిస్కులో నాలుగు వాటాలున్నాయి. మొదటి మూడింటినీ తుడిచి పారేసినా నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నాలుగోదాని మీద చెయ్యి వేస్తే మాత్రం ఆ చెయ్యి విరుస్తాను. అది చచ్చినవాళ్ళ వాటా.

నమోదు 4113. మొదటి షిఫ్టు.

పొద్దున బిళ్లల బోర్డు తెరిచాను. పైన ఎండ ముదిరాక బాయి మూతి దగ్గర కూడా మనిషి నిలవలేడు కాబట్టి మా కాపురాలన్నీ గ్యాలరీల్లోనే, ఇవాళా అందరూ తొందరగానే దిగారు. దిగేవాడు బోర్డు మీదినుంచి పేరు చెక్కిన తన బిళ్ల తీసి మెడలో వేసుకుంటాడు. పైకొచ్చినవాడు మళ్ళీ బోర్డుకు తగిలిస్తాడు. గాలి తలుపులు ఆ బిళ్లలనే లెక్కపెడతాయి. కింద ఎన్ని బిళ్లలుంటే అంత గాలి వదులుతాయి. బిళ్ల లేని మనిషి వాటి లెక్కలో మనిషి కాడు.

బాయిలో ఎవరైనా పోతే ఏడాది తిరిగేదాకా బిళ్ల విరవకూడదని మా ఆచారం. పోయినవాడు ఆ ఏడాదంతా ఈ గ్యాలరీల్లోనే తిరుగుతుంటాడు, వాడికీ గాలి కావాలి. శాఖవాళ్ళేమో వారంలోగా చావు రాసి బిళ్ల పంపమంటారు. చావు రాయకపోతే పాపం, రాస్తే బిళ్ల పోతుంది. ఇలా కాదని నాకంటే ముందు ఈ గదిలో కూర్చున్న మనిషి ఒకాయన, లినక్స్ పెట్టేటప్పుడు మాన్యువల్‌లోకి వెళ్ళి, శాఖకు కనబడని నాలుగో వాటా ఒకటి కోశాడు. ఎవరు పోయినా అందులో రాసేవాడు. ఈయన పోయాడు, గాలి మాత్రం ఇవ్వు అని. ఆయన తర్వాత నేనూ అదే చేస్తున్నాను. రెండుసార్లూ మాన్యువల్‌లోనే వెళ్ళి, నాలుగోదాన్ని ముట్టుకోకుండా కొత్త లినక్స్ పెట్టాను.

ఏడాది తిరిగాక కూడా ఎవరి బిళ్లా విరవలేదు. అప్పటికే పైనుంచి జనం రావడం మొదలైంది. సముద్రం మింగిన ఊళ్ళవాళ్ళు, ఎండకు మాడిన ఊళ్ళవాళ్ళు. శాఖను బిళ్లలు అడిగితే, మీ బాయి లెక్క నిండింది, వాళ్ళను వెనక్కి పంపండి అన్నారు. ఎక్కడికి పంపాలో చెప్పలేదు. చచ్చినవాళ్ళ బిళ్లలు వాళ్ళ మెడల్లో వేశాం. కింది గ్యాలరీ అంతా ఇప్పుడు వాళ్ళే. అంటే ఆ నాలుగో వాటా పోయిందంటే కింది గ్యాలరీ తలుపులు మూసుకుంటాయి.

నూకాలు కూడా అక్కడే ఉంటుంది. సముద్రం వైపునుంచి మొగుడితో నడుచుకుంటూ వచ్చింది. మొగుడు దారిలోనే పోయాడు. ఇప్పుడు నిండు చూలాలు. రోజూ వచ్చి ఫ్యాను ముందున్న వడపోత గుడ్డలు ఉతికి ఆరేస్తుంది. దాని మెడలో ఉన్నది మా ఆయన మొండయ్య బిళ్ల. రెండేళ్ళ కిందట పై గ్యాలరీ చివర కప్పు కూలి ఆయన పోయాడు. ఆ బిళ్ల దాని మెడలో నేనే వేశాను. వేసినప్పుడు నా కడుపు ఎంత మండిందో నాకే తెలుసు.

ఇవాళ గుడ్డలు పిండుతూ ఆదేశం సంగతి అడిగింది. ఏదో ఒకటి చేస్తాలే అన్నాను. దానికి నమ్మకం కుదరలేదు.

"ఎల్లిపోమంటే ఎక్కడికెల్తాం అప్పా? ఈ కడుపేసుకుని ఎండలోకి ఎల్లమంటావా?" అంది. వాళ్ళ వైపు అక్కను అప్ప అంటారు.

నోరు మూసుకొని గుడ్డలు పిండుకోమన్నాను. జవాబు లేనప్పుడు నాకు కోపమే వస్తుంది.

నమోదు 4115. రెండో షిఫ్టు.

మా బావ గట్టయ్య వచ్చాడు. మా ఆయనకు అన్న, పై గ్యాలరీకి పెద్దమనిషి. ఆయన మాట కాదని పై గ్యాలరీలో పొయ్యి కూడా వెలగదు. గైడెడ్ సంగతి ఆయనకు నాకన్నా ముందే తెలిసింది. సంతోషంగా ఉన్నాడు. కూర్చోమనకముందే కూర్చున్నాడు.

ఆయన బాధ అబద్ధమని నేననను. ఆయన మనుమరాలు కావేరికి పడుకుంటే ఆయాసం. పై గ్యాలరీలో పిల్లలందరికీ తలనొప్పులే. ఇంతమందికి ఈ ముసలి ఫ్యాను చాలదని నేనే శాఖకు పదిసార్లు చెప్పాను. వాళ్ళు ఫ్యాను పంపలేదు గానీ, దాన్ని శుభ్రంగా ఎలా తుడుచుకోవాలో రాసిన కాగితం పంపారు.

"సచ్చినోళ్ళకు గాలెందుకే సారక్కా? బతికున్న నా మనుమరాలికి లేదు గాలి," అన్నాడు.

"గాలి తక్కువైతే శాఖ మెడ పట్టుకో బావా. కిందోళ్ళ ముక్కులు మూస్తె నీకొచ్చేదెంత?"

"ఎంతన్న రానీ. వచ్చింది వచ్చినట్టే."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తర్వాత ఇద్దరం ఏమేం అనుకున్నామో ఇక్కడ రాయను. ఆయన మా అమ్మను తిట్లలోకి లాగాడు, నేను ఆయన గుండె ఎక్కడుందని అడిగాను. చివరికి లేచి, మేం కష్టపడి తవ్వుకున్న బాయి ఇది, దారిన పోయే దానయ్యలకు రాసివ్వలేదు అంటూ వెళ్ళిపోయాడు. ఎక్కడినుంచి ఈ బాయికి వలస వచ్చాడో వాళ్ళ తాతను అడిగితే తెలిసేది. ఆ తాత బిళ్ల కూడా ఇప్పుడు కింది గ్యాలరీలోనే ఎవరి మెడలోనో ఉంది.

గాలి రీడింగులు మామూలే.

నమోదు 4118. మొదటి షిఫ్టు.

శాఖ మనిషి దిగింది. ఉజ్వల అట, పేరు. ముప్పై కూడా ఉండవు. ఎవడో టై కట్టుకున్నవాడు వస్తాడు, వాడి మీద నోరు పారేసుకుందామని తయారుగా ఉన్నాను. ఈ పిల్ల వచ్చీ రాగానే చెప్పులు విప్పి, బోర్డుకు దండం పెట్టి గదిలోకి వచ్చింది. ఆమెదీ బాయి పుటకేనట, ఉత్తరం వైపు ఏదో బాయి. తిట్టడానికి కూడా కలిసిరాలేదు నాకు.

డిస్కు చూసింది. నాలుగో వాటా చూసింది. అదేమిటని అడగలేదు. అడగకుండానే అర్థమైందని ఆమె మొహమే చెప్పింది.

మాన్యువల్‌లో పెట్టమని అడిగాను. మాన్యువల్ ఆమెకు బాగా వచ్చట, చిన్నప్పుడు వాళ్ళ బాయిలో అలాగే చేసేవాళ్ళట. కానీ ఇప్పుడు ఆ దారికి తాళం వేశారు. ఊరి పెద్ద వేలిముద్ర పడితేనే తాళం తెరుచుకుంటుందని చెప్పింది. మా ఊరి పెద్ద ఎవరో చెప్పనక్కరలేదు కదా.

సరే, ఆ వాటాను వేరే చోట కాపీ చేసి పెట్టుకొని, కొత్త లినక్స్ పెట్టాక మళ్ళీ అందులో పోద్దాం అన్నాను. కుదరదంది. కొత్తది బయటి సరుకు లోపలికి రానివ్వదట. తన కళ్ళతో చూసి లెక్కపెట్టుకున్నదే నమ్ముతుందట.

"మరి నీకెందుకమ్మా ఈ ఉద్యోగం? సరే నొక్కేతందుకు కోతిని పంపినా అయితది," అన్నాను.

కోపం తెచ్చుకోలేదు. నవ్వలేదు కూడా. "నేను రాకుంటే ఇంకొకరొస్తరమ్మా. ఆ వచ్చేటాయన మీతోని గింత సేపు కూసోడు," అంది. ఆమె తెచ్చిన అటుకులు ఇద్దరం తిన్నాం.

తర్వాత నేనే సిగ్గు విడిచి మా బావ గడప తొక్కాను. వేలిముద్ర వెయ్యి బావా, నీ కాళ్ళు పట్టుకుంటా అన్నాను. కావేరిని ఒళ్ళో పడుకోబెట్టుకొని కూర్చున్నాడు. పిల్ల ఊపిరి పీల్చినప్పుడల్లా పిల్లికూత. దాన్ని నాకు చూపించి, చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. తిరిగి వచ్చేదారిలో ఆయన్ని తిట్టాలో ఆ పిల్లను చూసి ఏడవాలో తెలియక శాఖను తిట్టుకుంటూ వచ్చాను.

నమోదు 4119. రెండో షిఫ్టు.

నాకు మిగిలింది ఒకే ఒక్క ఆయుధం. కింద ఒక్క బిళ్ల ఉన్నా ఫ్యాను ఆపకూడదన్నది బాయి పుట్టినప్పటి నియమం. కొత్త లినక్స్ పెట్టాలంటే ఫ్యాను ఆపాలి. ఫ్యాను ఆపాలంటే ప్రతి బిళ్లా పైకొచ్చి బోర్డుకు ఎక్కాలి. కింది గ్యాలరీవాళ్ళను నేను పైకి పిలవను, ఫ్యాను ఆపను, ఏం చేసుకుంటారో చేసుకోండని ఉజ్వల మొహం మీదే చెప్పాను.

ఆమె బోర్డు వైపు చూసింది.

"పిలవండమ్మా. అందరినీ పిలవండి. ఒక్క బిళ్ల కూడ కింద ఉండొద్దు," అంది. అదే మాట మళ్ళీ అంది.

పున్నమి దాటితే ఎలాగూ కరెంటే ఉండదు, అప్పుడు పైవాళ్ళూ కిందివాళ్ళూ కలిసి పోతారు అని కూడా గుర్తు చేసింది. నా ఆయుధం నా కాలి మీదే పడింది. రేపు పొద్దు వాలాక ఫ్యాను ఆపుతాం. తెల్లారి ఎండ ఎక్కేలోపల మనుషులు మళ్ళీ కిందికి దిగాలి. ఎవరి బిళ్లను తలుపులు గుర్తుపట్టకపోతే వాళ్ళు దిగడానికి చోటు ఉండదు.

నూకాలుకు ఈ సంగతి నేనే చెప్పాను. అది ఉతికిన గుడ్డలు మడతపెట్టి నా చేతిలో పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

నమోదు 4120. ఫ్యాను ఆగిన రోజు.

ఇది ఎలా జరిగిందో జరిగినట్టు రాస్తాను.

పొద్దు వాలాక బాయి మూతి దగ్గరి హాల్లోకి అందరూ వచ్చారు. ముందు పై గ్యాలరీవాళ్ళు వచ్చి బిళ్లలు తగిలించి, గోడవారగా నిలబడ్డారు. తర్వాత కింది గ్యాలరీవాళ్ళు వచ్చారు. వెనక రెండుసార్లు ఫ్యాను ఆపినప్పటికి కిందివాళ్ళు ఇంకా రాలేదు, ఈ రెండు గ్యాలరీలూ ఒక్కచోట నిలబడడం ఇదే మొదలు. చచ్చినవాళ్ళ బిళ్లలు కింద ఉన్నాయని పైవాళ్ళందరికీ తెలుసు. ఎవరిది ఎవరి మెడలో ఉందో చూసింది మాత్రం ఇవాళే. ఒకావిడ తన తల్లి బిళ్ల ఎవరో ముసలాయన మెడలో చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకొకడు, వాళ్ళ అన్న బిళ్ల తగిలిస్తున్న కుర్రవాడి భుజం పట్టుకొని వెనక్కి లాగాడు. నేను అడ్డం పోయి వాడి చెయ్యి విడిపించాను.

నూకాలు చివర వచ్చింది. కడుపు పట్టుకొని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చి మెడలోంచి బిళ్ల తీసింది. దాని మీద చెక్కిన పేరు మా బావ చదివాడు.

"ఇది మా తమ్మునిది," అన్నాడు. గట్టిగా అనలేదు. అందుకే హాలంతా వినబడింది.

"నేనే ఇచ్చిన," అన్నాను. "నా మొగని బిళ్ల. నా ఇష్టం."

"నువ్వెవతివే ఇయ్యనీకి? నీకన్న ముందు నాకు తమ్ముడు వాడు."

"తమ్ముడు గుర్తొచ్చిండా ఇప్పుడు? కప్పు పర్రెలిచ్చి పగులుతుందని వాడు మొత్తుకున్ననాడు ఏడున్నవ్?"

ఆయన మొహం నల్లబడింది. నూకాలు ఆ సందులోనే బిళ్లను బోర్డుకు తగిలించి పక్కకు తప్పుకుంది. బోర్డు నిండింది. నేను ఫ్యాను ఆపాను. ఆ చప్పుడు ఆగిపోతే నా చెవులు గింగురుమన్నాయి. ఈ గదిలోకి వచ్చాక ఫ్యాను చప్పుడు లేని నిశ్శబ్దం విన్నది మూడోసారి.

ఉజ్వల యంత్రం ముందు కూర్చొని, గైడెడ్ మొదలుపెట్టింది. భాష తెలుగు. ప్రాంతం మాది. సరే, సరే. డిస్కు దగ్గరికి వచ్చింది. మొత్తం డిస్కు వాడుకుంటానంది. ఉజ్వల నొక్కలేదు. తెర మీద ఉన్న మాటల్ని పెద్ద గొంతుతో అందరికీ చదివింది.

"డిస్కు మొత్తం తుడిచివేయబడుతుంది. పాత వివరాలేవీ మిగలవు. ఆపైన బోర్డు మీద వేలాడుతున్న ప్రతి బిళ్లనూ జీవించి ఉన్న వ్యక్తిగా నమోదు చేసుకుంటుంది. కొనసాగించాలా?"

నేను పళ్ళు నూరుతూ నిలబడ్డాను. ఆమె నా వైపు తిరగకుండా అదే మాటను మొదటినుంచీ మళ్ళీ చదివింది.

అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకు.

ఆ వాటాను మేం కంటికి రెప్పలా కాపాడుకున్నాం. అందులో ఒక్కో మనిషికీ రెండు ముక్కలుంటాయి. గాలి ఇవ్వు అన్న ముక్క కోసమే మా తాపత్రయమంతా. దాని ముందున్న ముక్కను మరిచేపోయాం. ఈయన పోయాడు అన్న సంగతి ఆ వాటాలో తప్ప ఇంకే యంత్రంలోనూ, ఏ లెక్కలోనూ రాసి లేదు. శాఖకు మేం ఒక్క చావూ చెప్పలేదు, బిళ్లలు పోతాయని. ఆ వాటా ఉన్నంతకాలమే వాళ్ళు చచ్చినవాళ్ళు. అది పోతే వాళ్ళు పోయారని చెప్పేవాడే లేడు. ఇన్ని రోజులుగా కాళ్ళు పట్టుకొని, నోరు పారేసుకొని నేను కాపాడాలని చూసింది వాళ్ళ చావును. మాన్యువల్ మాన్యువల్ అని గొంతు చించుకున్నాను. ఇంతకన్నా తెలివితక్కువ ఆడది ఏ బాయిలోనైనా ఉంటుందా?

నాకన్నా మా బావ చురుకైనవాడు. నేను తల పట్టుకునేలోపల ఆయన బోర్డు దగ్గరున్నాడు. చచ్చినవాళ్ళ బిళ్లలు తీసేస్తే యంత్రం వాటిని లెక్కపెట్టదు. మొండయ్య బిళ్ల మీద చెయ్యి వేశాడు.

అయితే చావు కోసం బోర్డు మీది బిళ్ల తీయడం ఊరికే జరిగే పని కాదు. ఇంటి మనిషి బాయి మూతి వైపు తిరిగి, పోయినవాడి పేరు మూడుసార్లు పిలవాలి. మూడుసార్లూ జవాబు రాకపోతేనే తీయాలి. కప్పు కూలినప్పుడు కింద ఎవడో బతికి ఉండగా పొరపాటున బిళ్ల తీసేయకుండా పెట్టుకున్న ఆచారం అది. మా బావ ఊరి పెద్ద. హాలు నిండా జనం. ఆచారం తప్పడానికి ఆయనకు వీల్లేదు.

బిళ్లను గుప్పిట్లో పట్టుకొని, చీకటి వైపు తిరిగి, "మొండయ్యా," అని పిలిచాడు.

జవాబు లేదు. ఆయన పోయిన నాడు ఇలా పిలవనివ్వలేదు మేము, బిళ్ల దాచుకోవడం కోసం. రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఆ పేరును ఆ గొంతుతో వింటున్నాను.

"ఒరే మొండయ్యా."

వాళ్ళిద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. పక్కనుంచి ఎవరో ముక్కు చీదారు. యంత్రం ముందు ఉజ్వల కదలకుండా కూర్చుంది. ఆయన కళ్ళు తుడుచుకొని ఊపిరి పీల్చుకున్నాడు.

"మొండయ్యా," అన్నాడు మూడోసారి.

"ఇక్కడే ఉన్నానన్నయ్యా."

నూకాలు. గోడకు ఆనుకొని, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకొని నిలబడి ఉంది. తల దించలేదు.

నాకు ఏడుపు రాలేదు. నా మొగుడి పేరుకు ఇంకొకత్తి పలికితే నాకు వచ్చింది కోపమే. వెళ్ళి దాని చెంప పగలగొట్టాలనిపించింది. మరుక్షణం దాన్ని పట్టుకొని వదలకూడదనిపించింది. రెండూ చేయలేదు, ఉన్నచోటే నిలబడ్డాను.

మా బావ అలాగే ఉన్నాడు, బిళ్ల ఇంకా గుప్పిట్లోనే ఉంది. "మా తమ్ముడు నన్ను అన్నయ్యా అని ఎన్నడు పిల్వలే," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. కావేరి అంత జనంలో దగ్గుతోంది. ఆయన ఆ పిల్ల వైపు చూశాడు, నూకాలు కడుపు వైపు చూశాడు. తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే విప్పి బిళ్లను బోర్డు మీదే వదిలేశాడు.

"నొక్కు బిడ్డా," అన్నాడు ఉజ్వలతో. "ఉన్ననంటుండు గద."

ఉజ్వల లేచి కుర్చీ నాకు ఇచ్చింది. ఫ్యాను నాది, నొక్కాల్సింది నేనేనట. కూర్చున్నాను. నాలుగో వాటాలో మా ఆయన గురించి నేనే రాసిన మాటలున్నాయి. ఏ రోజు, ఏ చోట, కప్పు గురించి ఎన్నిసార్లు చెప్పాడు, శాఖ ఏమంది, అన్నీ రాశాను. ఆ రోజు పోయింది ఆయన ఒక్కడే కాదు, ఆరుగురు. ఆరు బిళ్లల కోసం ఆరిళ్ళవాళ్ళం నోళ్ళు కుట్టేసుకున్నాం. బయటికి చెప్పకపోయినా, ఒకచోట రాసి ఉందన్న ధైర్యంతో నేను ఇన్నాళ్ళూ అన్నం తిన్నాను. ఇప్పుడు అదీ తుడవాలి. వాళ్ళు చంపితే మేం దాచాం, దాచినదాన్ని ఇప్పుడు నేనే తుడిచేస్తున్నాను. శాఖవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

"అప్పా," అంది నూకాలు వెనకనుంచి.

సరే నొక్కాను.

డిస్కు తుడుచుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. పట్టి ఉంటే బాగుండేది. కొత్త లినక్స్ లేచి బోర్డును ఒక్కసారి చూసుకొని, అన్ని బిళ్లలనూ బతికున్నవాళ్ళ కింద రాసుకుంది. ఫ్యాను తిరిగింది. ఎండ ఎక్కకముందే అందరూ దిగారు. కింది గ్యాలరీ తలుపులు నూకాలుకు తెరుచుకున్నాయి.

నమోదు 4123. మొదటి షిఫ్టు.

ఉజ్వల వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అడిగాను, అంతా తెలిసే అందరినీ పిలవమన్నావా అని. తాను శాఖ మనిషినని, తెర మీద ఉన్నది చదవడం తన పని అని, రెండుసార్లు చదవకూడదని నియమం ఏదీ లేదని చెప్పింది. ముందే నాతో ఒక్క ముక్క చెబితే ఏం పోయేదని విరుచుకుపడ్డాను. చెబితే మీరు ఆగుతారా అమ్మా, బాయంతా వినబడేలా అరిచేవారు కాదా అంది. నిజమే. అయినా కోపం పోలేదు.

మా బావ నాతో మాట్లాడడం లేదు. కావేరి ఆయాసం అలాగే ఉంది. ఇంతమంది బతికున్నవాళ్ళకు ఈ ఒక్క ఫ్యాను చాలదని కొత్త లినక్స్ తనంతట తానే రోజూ శాఖకు ఫిర్యాదు పంపుతోంది. నేను పదిసార్లు చెబితే వినలేదు, యంత్రం చెబితే వింటారేమో చూడాలి.

నమోదు 4151. మొదటి షిఫ్టు.

నూకాలుకు ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని పని నేనే చేశాను. పిల్ల గొంతు ఫ్యానును మించి ఉంది. బిళ్ల లేదు. ప్రస్తుతానికి తల్లి వాటాలోనే ఊపిరి తీస్తోంది. చూడటానికని మా బావ ఒకసారి కింది గ్యాలరీకి దిగాడు. పిల్లను ఎత్తుకోలేదు. కండువా కొసన కట్టి తెచ్చిన బెల్లం ముక్క అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

నమోదు 4166. రెండో షిఫ్టు.

శాఖ నుంచి ఉత్తరం. రెండో ఫ్యాను సంగతి కాబోలు అనుకొని ఆదరాబాదరాగా విప్పాను. కాదు. అన్ని బాయిల లెక్కలూ తీశారట. ముప్పై ఏళ్ళలో ఒక్క ప్రాణం కూడా పోని బాయి మాది ఒక్కటేనట. శాఖ భద్రతా ఏర్పాట్లకు ఇదే నిదర్శనమట. మాకు బహుమతి ప్రకటించారు. చదువుతుంటే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ఆరుగురి మీద కప్పు కూల్చినవాళ్ళకు, ఆ కప్పు కూలలేదని పండగ.

బహుమతి అందుకోవడానికి పనివాళ్ళ తరఫున ఒకరు వేదిక ఎక్కాలట. ఎవరన్నది శాఖ దగ్గరున్న లెక్కల యంత్రమే ఎంచింది. రెండేళ్ళుగా ఒక్క షిఫ్టు కూడా నాగా పెట్టకుండా పనిచేసినట్టు లెక్కలో ఉన్నవాళ్ళలో మొదటి పేరు తీసింది. జక్కుల మొండయ్య.

ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేయబోయి ఆగాను. జవాబు అడిగారు కదా, మర్యాదగా జవాబు రాసి పంపాను. చదివే దమ్ముంటే చదవనీ.

మొండయ్య రాలేడు. బిడ్డకు పాలిస్తున్నాడు.